పటం ఒకచోట, వివరణ మరోచోట

పాఠం విఫలమైనప్పుడు లోపాన్ని విద్యార్థి తెలివిలో వెదకడం మామూలే గాని, సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ స్వెల్లర్ దాన్ని పాఠ్య రూపకల్పనలో, అంటే విషయాన్ని ఏ వరుసలో, ఏ రూపంలో అందించాలో నిర్ణయించే పనిలో వెదికారు. సాధించి చూపిన లెక్కలు బీజగణితం నేర్చుకోవడానికి బాగా ఉపకరిస్తాయని ఆయన, గ్రాహం కూపర్ 1985లో చూపినా, రేఖాగణితంలో ఆ పద్ధతి ఫలించలేదు. రోహానీ తర్మిజీతో కలిసి స్వెల్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో కారణం తేలింది: పటం ఒకచోట, వివరణ మరోచోట ఉండటంతో రెంటినీ మనసులో జతపరచుకోవడానికే విద్యార్థి శక్తి ఖర్చయ్యేది, వివరణను పటంలోనే చేర్చాక అవే ఉదాహరణలు పనిచేశాయి. అవధానం చీలడం అనే సూత్రానికి ఈ వైఫల్యమే మూలం.

పెండిల్ హిల్ వంటి పశ్చిమ సిడ్నీ శివార్లలో, బడిలో రోజంతా ఇంగ్లీషే వినే పిల్లలకు తెలుగు నేర్పేవారికి ఇది దగ్గరి విషయం. గుణింతం ఒక పుటలో, దాని ఉచ్చారణ మరో పుటలో ఉన్న వాచకం ముందు పిల్లవాడు తడబడితే, శ్రద్ధ లేదన్న ఫిర్యాదు తల్లిదండ్రులకు చేరుతుంది (వాచకం మీద ఫిర్యాదు చేసేవారు అరుదు). ఎందరు ఏ అక్షరం దగ్గర ఆగిపోయారో ఉపాధ్యాయులు రాసిపెట్టుకుని, మరుసటి ఏడాది ముందుగా ఆ పుటనే మార్చడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు.