చక్రానికీ చేతికీ మధ్య

పాత లారీని కొనదలచినవాడు ముందుగా ఇంజను చప్పుడు వింటాడు. పొగ ఏ రంగులో వస్తున్నదో చూస్తాడు. టైర్ల మీద ఎంత రబ్బరు మిగిలి ఉన్నదో వేలితో తడిమి తెలుసుకొంటాడు. ఛాసిస్‌కు ఎక్కడైనా వెల్డింగు అతుకు పడినదేమోనని వంగి పరీక్షిస్తాడు. స్టీరింగును రెండు వేళ్లతో పట్టుకొని, అటూ ఇటూ మెల్లగా కదిపి, ముందు చక్రాలు ఎప్పుడు కదలసాగుతాయో గమనించేవారు బహు కొద్దిమంది. ఇంజను చెడిన లారీ రోడ్డు పక్కన ఆగిపోతుంది. స్టీరింగు అరిగిన లారీ ఆగదు. పూర్తి బరువుతో, పూర్తి వేగంతో పరుగెడుతూనే ఉంటుంది. ప్రమాదమంతా అందులోనే ఉన్నది.

డ్రైవరు చేతి నుండి రోడ్డును తాకే టైరు వరకు గల మార్గం అర్థం చేసుకోవడానికి కష్టమైనది కాదు. స్టీరింగు తిప్పినప్పుడు దాని కాడ అడుగున ఉన్న స్టీరింగు బాక్సులోని మర తిరుగుతుంది. ఆ మర డ్రాప్ ఆర్మ్ అనే ఉక్కు చేతిని ముందుకో వెనుకకో ఊపుతుంది. ఆ చేయి డ్రాగ్ లింకు అనే కడ్డీని నెడుతుంది. ఆ కడ్డీ ఒక వైపు స్టబ్ యాక్సిల్‌ను, అంటే చక్రాన్ని మోసే పొట్టి ఇరుసును తిప్పుతుంది. రెండు వైపుల స్టబ్ యాక్సిళ్లను కలిపే టై రాడ్ రెండవ చక్రాన్ని కూడ అదే దిశకు మరలిస్తుంది. కడ్డీలు కలిసే ప్రతి చోటా గిన్నెలో గుండువంటి బాల్ జాయింటు ఉంటుంది. స్టబ్ యాక్సిల్ తిరిగేది కింగ్‌పిన్ అనే లావుపాటి ఉక్కు కడ్డీ చుట్టూ.

కొత్తలో ఈ కీళ్లన్నింటిలోను ఉండే సందు వెంట్రుకవాసి మాత్రమే. దుమ్ము, నీరు, బరువు, గుంతల దెబ్బలు కలిసి ఏటికేడాది ఒక్కొక్క సందును పెంచుతాయి. ఏ ఒక్క కీలును విడిగా చూచినా కొంప మునిగినట్లు కనిపించదు. కాని ఇక్కడ అరమిల్లీమీటరు, అక్కడ ఒక మిల్లీమీటరు చేరి, స్టీరింగు వద్దకు వచ్చేసరికి బెత్తెడు ఖాళీ తిరుగుడు అవుతుంది. మెకానిక్కులు దీనినే ‘ప్లే’ అంటారు.

చట్టం దీనికొక హద్దు పెట్టింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 98వది స్టీరింగును గురించినది. ఖాళీ తిరుగుడు 30 డిగ్రీలు దాటకూడదనీ, బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులు ఉండాలనీ, బోల్టులతోగాని పిన్నులతోగాని బిగించిన చోట్ల అవి ఊడిరాకుండ గట్టి బందోబస్తు చేయాలనీ ఆ నిబంధన చెబుతున్నది. 30 డిగ్రీలంటే గడియారంలో పన్నెండు నుండి ఒకటి వరకు గల దూరం. అర మీటరు అడ్డుకొలత గల స్టీరింగు అంచు మీద అది సుమారు 13 సెంటీమీటర్లు. ఇది దాటరాని హద్దే గాని చేరుకోవలసిన గమ్యం కాదు. హద్దు దాకా అరగనిచ్చి, ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు చేతికి వచ్చింది గదా అని నిశ్చింతగా ఉండడం తెలివైన పని అనిపించుకోదు. ఆ కాగితం పరీక్ష జరిగిన ఒక్కరోజుకు సాక్ష్యం. లారీ తక్కిన రోజులన్నీ కూడ తిరుగుతుంది.

ఇంతకూ ఇంత లూజు డ్రైవరుకు తెలియదా అనే ప్రశ్న సహజం. విచిత్రమేమంటే, అందరికంటె ఆలస్యంగా తెలిసేది అతనికే. అరుగుదల రోజుకు రవ్వంతగా పెరుగుతుంది. అతని చేతులు కూడ రోజుకు రవ్వంతగా దానికి అలవాటుపడతాయి. లారీ ఎడమకు లాగితే చేయి తనంతట తానే కుడికి పట్టి ఉంచుతుంది. తిన్నని రోడ్డు మీద కూడ స్టీరింగును నిరంతరం అటూ ఇటూ సర్దడం అతనికి ఊపిరి తీయడమంత సహజమవుతుంది. సెలవు మీద పోయిన డ్రైవరుకు బదులు మరొకడు ఎక్కి, పది కిలోమీటర్లు పోకముందే ‘ఈ బండిని ఎట్లా నడుపుతున్నారయ్యా’ అని భయపడితే గాని సంగతి బయటపడదు. పాత డ్రైవరు దానిని తన పనితనంగా భావించుకొంటాడు. నిజానికి అది పనితనమే. కాని ఆ పనితనం ఒక లోపాన్ని కప్పిపుచ్చడానికి ఖర్చవుతున్నది. హఠాత్తుగా ఒక పశువో మనిషో అడ్డం వచ్చిన క్షణంలో ఆ బెత్తెడు ఖాళీని దాటడానికి పట్టే కాలాన్ని ఏ పనితనమూ తిరిగి తేలేదు.

చక్రాలు ఒక్కొక్కటి వేరు వేరు పిన్నుల మీద తిరగాలన్న ఆలోచన మోటారు కంటె పాతది. అంతకుముందు నాలుగు చక్రాల గుర్రపుబండ్లలో ముందు ఇరుసు మొత్తం ఒకే కీలు మీద తిరిగేది. మ్యూనిక్ నగరంలో బండ్లు తయారుచేసే గేయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ 1817లో కొత్త పద్ధతిని కనిపెట్టాడు. ఇంగ్లండులో అతని ప్రతినిధిగా రుడాల్ఫ్ ఆకర్‌మాన్ 1818లో దానికి పేటెంటు తీసుకొన్నాడు. కనిపెట్టినవాని పేరు మరుగున పడి, పేటెంటు పుచ్చుకొన్నవాని పేరు నిలిచింది. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటె ఎక్కువ కోణంలో తిరగాలన్న ఆ సూత్రమే నేటికీ లారీల ముందు ఇరుసును నడిపిస్తున్నది. టెల్కో సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో 1954లో చేసుకొన్న ఒప్పందం 1969లో ముగిసినా, ఆనాటి లారీలలోని గట్టి ఉక్కుదూలంవంటి ఇరుసు, కమాను కట్టలు, కింగ్‌పిన్నులు ఆ తరువాతి తరాల బండ్లలోను కొనసాగినవి. అందుచేత ఈ అరుగుదల కథ పాతబడలేదు.

కింగ్‌పిన్ అరిగినదీ లేనిదీ తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేవీ అక్కరలేదు. ముందు ఇరుసును జాకీతో లేపి, జాకీని నమ్ముకోకుండ ఇరుసు కింద గట్టి దిమ్మలు పెట్టాలి. టైరును పైనా కిందా పట్టుకొని, ఒక చేత్తో లాగుతూ మరొక చేత్తో నెడుతూ ఊపాలి. కదలిక కనిపిస్తే అది చక్రపు బేరింగుదా, కింగ్‌పిన్నుదా అని తేల్చుకోవాలి. ఇందుకు ఒకరు క్యాబిన్‌లో కూర్చొని బ్రేకు తొక్కిపట్టాలి. బ్రేకు పట్టినప్పుడు కదలిక పోతే లోపం బేరింగులో ఉన్నది. బ్రేకు పట్టినా కదులుతూనే ఉంటే కింగ్‌పిన్నుకు, దాని బుష్షులకు కాలం చెల్లినది. తరువాత టైరును రెండు పక్కలా పట్టుకొని ఊపితే టై రాడ్ కీళ్ల లూజు బయటపడుతుంది. చక్రాలను నేల మీద దించిన పిమ్మట, ఒకరు స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ కదుపుతుండగా మరొకరు డ్రాగ్ లింకు కీళ్ల మీద చేయి వేసి చూడాలి. కన్ను పట్టుకోలేని లూజును అరచేయి పట్టుకొంటుంది. పవర్ స్టీరింగు ఉన్న బండి అయితే ఈ చివరి పరీక్ష ఇంజను నడుస్తుండగా చేయాలి. ఆ స్టీరింగు తేలికతనం లోపల ఉన్న లూజును సులభంగా మరుగుపరుస్తుంది.

లోపం బయటపడిన తరువాత జరిగే మొదటి తప్పు స్టీరింగు బాక్సు మీద ఉన్న సర్దుబాటు స్క్రూను బిగించడం. పది నిమిషాల పని, ఖర్చు స్వల్పం, ప్లే తగ్గినట్లు తోస్తుంది. కాని బాక్సులోని పళ్లు ఎక్కువగా అరిగేది నడిమి భాగంలో, అంటే బండి తిన్నగా పోయే స్థితిలో. ఆ అరుగుదలకు సరిపోయేటట్లు బిగిస్తే, అరగని అంచుల వద్ద పళ్లు బిగుసుకొంటాయి. మలుపు తిప్పిన స్టీరింగు తనంతట తాను వెనుకకు రాదు. అసలు లోపం కింగ్‌పిన్నులోనో బాల్ జాయింటులోనో ఉంటే అది అక్కడే ఉండిపోతుంది. దానికి తోడు బరువైన స్టీరింగు కూడ చేరుతుంది.

రెండవ తప్పు ఒక్క భాగాన్నే మార్చడం. లూజుగా ఉన్న కీళ్ల నడుమ ఒక కొత్త కీలు పెడితే అదురంతా దాని మీద పడి, అది కూడ త్వరగా అరుగుతుంది. ఒక వైపు కింగ్‌పిన్ మార్చి రెండవ వైపు వదిలివేయడం ఒంటికాలికి కొత్త చెప్పు తొడగడం వంటిది. కింగ్‌పిన్నులు రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఆ అవకాశంలోనే టై రాడ్, డ్రాగ్ లింకు కీళ్లను, కమాను షాకిల్ పిన్నులను, వాటి బుష్షులను పరీక్షించాలి. కమాను కట్టను పట్టి ఉంచే సెంటర్ బోల్టు తెగితే ఇరుసు పక్కకు జరిగి, లారీ ఎండ్రకాయవలె ఓరగా నడుస్తుంది. స్టీరింగులో ఎంత కొత్తదనం పోసినా ఆ వంకర పోదు.

మార్చే పనిలో శ్రద్ధ వహించవలసిన చోట్లు కొన్ని ఉన్నవి. పాత కింగ్‌పిన్ తుప్పుతో బిగిసి ఉంటుంది. దానిని ఇరుసుకు బిగించి ఉంచే అడ్డపు పిన్నును ముందుగా తీయకుండ సుత్తితో మోదితే చెడేది ఇరుసు రంధ్రమే. కొత్త బుష్షును ఎక్కించేటప్పుడు దాని గ్రీజు రంధ్రం స్టబ్ యాక్సిల్‌లోని గ్రీజు రంధ్రానికి ఎదురుగా వచ్చి తీరాలి. రాకపోతే ఆ తరువాత ఎంత గ్రీజు కొట్టినా లోపలికి పోదు. కొత్త బుష్షు మొదటిరోజు నుండే ఎండిపోయి అరుగుతుంది. పై బుష్షును, కింది బుష్షును ఒకే సరళరేఖలో ఉండేటట్లు పొడవైన రీమరుతో సాపు చేయాలి. పిన్ను చేతితో నెడితే దిగాలి, వదిలితే ఊగరాదు. బండి బరువును మోసే థ్రస్ట్ బేరింగును సరియైన దిశలో పెట్టి, పై కింది సందును షిమ్ములనే పలుచని రేకులతో సరిచేయాలి. స్టీరింగు చేతులను వెల్డింగు చేయించడం, వంగినవాటిని గ్యాసుమంటతో కాల్చి సాపు చేయించడం ఎట్టి పరిస్థితిలోను కూడదు. పోత పోసిన ఇనుముకూ, కాచి సాగగొట్టి పదునుపెట్టిన ఉక్కుకూ తేడా ఉన్నది. కాల్చితే ఆ పదును పోతుంది.

అన్నింటికంటె చౌకైన భాగం స్ప్లిట్ పిన్ను. నట్టు ఊడిరాకుండ కాపాడేది అదే. విప్పిన పాత పిన్నునే సాపుచేసి తిరిగి దూర్చడం చాలచోట్ల కనిపించే అలవాటు. ఒకసారి వంచిన తీగ రెండవసారి వంచితే విరగడానికి సిద్ధంగా ఉంటుంది. వేల రూపాయల మరమ్మతు చివరకు ఆ తీగముక్క మీద వేలాడుతున్నదని మరువరాదు. పని ముగిశాక ముందు చక్రాల టో-ఇన్ కొలవాలి. ముందు వైపు టైర్ల మధ్య దూరం వెనుక వైపు దూరం కంటె తయారీదారు పుస్తకంలో చెప్పినన్ని మిల్లీమీటర్లు తక్కువగా ఉండేటట్లు టై రాడ్‌ను సరిచేయాలి. కమాను యూ-బోల్టులను బండి కొంతదూరం తిరిగిన తరువాత మరల ఒకసారి బిగించాలి.

ఈ పనులకు అయ్యే ఖర్చు కంటె, బండి నిలిచిపోయే రోజులే యజమానిని వెనుకాడజేస్తాయి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, నామక్కల్‌లోనైనా షెడ్డులో నిలబడిన లారీ కిరాయి తేదు. ఫైనాన్సు కిస్తు మాత్రం ఆగదు. అతని ఇబ్బంది నిజమైనదే. అయితే ఖర్చు తప్పించుకొన్నది ఒకరు, స్టీరింగు వెనుక కూర్చున్నది మరొకరు, ఎదురుగా సైకిలు మీద వస్తున్నది ఇంకొకరు. అందుచేత ‘స్టీరింగు సరిగా లేదు’ అని డ్రైవరు చెప్పిన మాటను జీతం పెంచమన్న సణుగుడుగా కాక, రోడ్డు మీది అందరి తరఫున వచ్చిన సమాచారంగా వినాలి. క్లీనరు గ్రీజు గన్నుతో ప్రతి నిపుల్ వద్దా పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టినట్లయితే ఆ మాట చెప్పవలసిన రోజు చాలకాలం వాయిదా పడుతుంది.

మరమ్మతు పూర్తయిన లారీని వెంటనే సరుకుతో హైవే మీదికి పంపడం మంచిది కాదు. డ్రైవరు చేతులకు పాత లూజు ఇంకా గుర్తుంటుంది. అలవాటు చొప్పున అతను అవసరమైనదానికంటె ఎక్కువ తిప్పుతాడు. బండి చటుక్కున పక్కకు పోతుంది. ఖాళీ లారీతో, రద్దీ లేని రోడ్డు మీద కొంతసేపు తిరిగితే చేతులు కొత్త కొలతను నేర్చుకొంటాయి. ఇంతకాలం తాను ఎంత లూజును మోస్తూ నడిపినదీ డ్రైవరుకు మొదటిసారి తెలిసివచ్చేది కూడ ఆ కాసేపట్లోనే.