లాన్‌కి స్ప్రింక్లరు, మనకి బకెట్టా?

మొన్న ఏప్రిల్‌లో మా హాస్టల్ మూడో ఫ్లోర్‌లో పొద్దున్న ఏడింటికే నీళ్ళు ఆగిపోయేవి. బకెట్ పట్టుకుని కిందికి దిగితే, మెయిన్ బ్లాక్ ముందు లాన్ మీద స్ప్రింక్లర్లు హాయిగా తిరుగుతుండేవి. ముందు కోపం వచ్చింది. తర్వాత మా ఇంటి గేటు పక్కనున్న వట్టివేరు గుర్తొచ్చింది.

నిజం చెప్పాలంటే, ఇంటర్ దాకా నాకు 'వెటివర్' అంటే సబ్బు వాసన. ఎండాకాలం అమ్మమ్మ మంచినీళ్ళ కుండలో వేసే వేళ్ళు అవేనని తెలీదు. చెప్తే అమ్మమ్మ ఒకటే నవ్వు. తమాషా ఏంటంటే, ఆ ఇంగ్లీషు మాట తమిళ 'వెట్టివేరు' నుంచే వెళ్ళింది!

కిందటేడు జూన్‌లో ఆరు పిలకలు తెచ్చి, అడుగు దూరంలో ఒక్కోటి నాటాను. జులైలో వానలు ఆగినప్పుడు నేను పట్టించుకోలేదు, రెండు చచ్చిపోయాయి. తప్పు నాదే. వేరు పట్టేదాకా నీళ్ళు పోయాల్సిందే. మిగిలిన నాలుగూ నా ఛాతీ ఎత్తు పెరిగాయి. ఈ ఎండల్లో ఆకుల కొసలు ఎండాయి కానీ మొదళ్ళు పచ్చగానే ఉన్నాయి.

కారణం సింపుల్. లాన్ గడ్డి వేళ్ళు పైపైనే ఉంటాయి, అందుకే దానికి ఎప్పుడూ దాహమే. వట్టివేరు వేళ్ళు నిటారుగా రెండు మూడు మీటర్లు దిగుతాయి. అంటే దాదాపు మన హాస్టల్ ఒక ఫ్లోర్ ఎత్తంత లోతు! పైగా మన దక్షిణాదిలో సాగుచేసే రకానికి మొలకెత్తే గింజలు దాదాపు ఉండవు కాబట్టి, కలుపులా పాకిపోదు.

"దాని మీద కూర్చోలేం కదా?" అని మా రూమ్మేట్ అడిగాడు. కరెక్టే. కానీ ఇప్పుడున్న లాన్ మీద మాత్రం ఎవరు కూర్చుంటున్నారు? 'గడ్డిపై నడవరాదు' అని బోర్డు పెట్టారుగా! చూడ్డానికే అయితే, గాలికి ఊగే దుబ్బులు, వాటి ఊదారంగు కంకులు ఏం తక్కువ?

లాన్ మొత్తం పీకేయమనట్లేదు. బోర్డు దగ్గర ఒక్క వరస ఇవ్వండి చాలు. తోటపని చేసే అన్నకి అదనపు పని పడకుండా, వేరు పట్టేదాకా నీళ్ళు మనమే పోద్దాం. వానలు మొదలవగానే మా ఇంటి దుబ్బులు విడదీసి పిలకలు నేను తెస్తాను. గునపం పట్టుకోవడానికి ఎవరొస్తారు?