వృత్తి ధర్మం: ఇసుక పద్దు

ఇంజనీరు వృత్తి ధర్మం అనగానే మనకు ముందుగా స్ఫురించేవి టెండర్లు, కొలతల పుస్తకం, సిమెంటు పాళ్లు. లంచం ముట్టనివాడు ధర్మాత్ముడన్న భావన మనలో స్థిరపడిపోయింది. అది తొలి మెట్టు మాత్రమేనని పుదుచ్చేరి సముద్రతీరం చూసినప్పుడు తెలిసివస్తుంది.

గాంధీ విగ్రహం ముందు ఒకప్పుడు ఇసుకతీరం ఉండేది. 1980ల చివరిలో పట్టణానికి దక్షిణాన, అరియాంకుప్పం నది ముఖద్వారం వద్ద, రేవు కోసం రెండు బ్రేక్‌వాటర్లు నిర్మించారు. కోరమండల్ తీరాన ఇసుక ఒకచోట నిలిచేది కాదు. నైరుతి గాలుల కాలంలో అలలు దానిని ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య ఋతుపవనాల వేళ కొంత వెనుకకు తెస్తాయి. ఇచ్చిపుచ్చుకోలు పోగా, ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఉత్తరానికే సాగిపోతుంది. దానికి అడ్డుగా గోడ కడితే దక్షిణాన మేట, ఉత్తరాన కోత తప్పవు.

ఈ సంగతి నిర్మాతలకు తెలియనిది కాదు. దక్షిణాన చేరిన ఇసుకను ఉత్తరానికి తరలించే ఏర్పాటు ఆ పథకంలోనే ఉన్నది. గోడలు నిలిచాయి, తరలింపు మాత్రం క్రమంగా సాగలేదు. పట్టణం ముందరి తీరం కరిగిపోయింది. రక్షణకు రాళ్లు పోశారు. రాళ్లున్నచోట కోత ఆగి మరింత ఉత్తరానికి జరిగింది: ముందు మత్స్యకారుల కుప్పాలకు, ఆ పైన సరిహద్దు దాటి తమిళనాడు గ్రామాలకు. పడవ లాగి నిలుపుకొనే చోటు, వల ఆరబెట్టుకొనే చోటు పోగొట్టుకున్న వారెవరూ ఆ పథకం కాగితాలపై సంతకం చేసినవారు కారు.

ఎవరి నిజాయితీనీ శంకించడం నా ఉద్దేశం కాదు. గోడకు ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. ఇసుక తరలింపునకు అవేవీ లేవు; అది ఏటేటా వచ్చే ఖర్చు. పొదుపు మాట వచ్చినప్పుడు మొదట కొట్టివేసేది అటువంటి పద్దునే. (నిర్వహణ విభాగంలోని మిత్రులకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.) విశాఖపట్నంలో రేవు వద్ద చేరే ఇసుకను డ్రెడ్జర్లతో తోడి నగరతీరానికి పంపడం దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. అక్కడా కోత పూర్తిగా ఆగలేదు. అయినా తీరపు బాకీ ఎవరిదన్న సందేహం లేదు.

ఇంజనీరు తన జ్ఞానాన్ని సమాజ సంక్షేమానికి, ఆరోగ్యానికి, భద్రతకు వినియోగించాలని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ నియమావళి చెబుతుంది. ఆ సమాజంలో మన ప్లానుకాగితం అంచు అవతలి వారూ ఉన్నారు. పద్దు కొట్టివేయడాన్ని ఆపే అధికారం చిన్న ఇంజనీరుకు ఉండకపోవచ్చు. కానీ కొట్టివేస్తే ఎవరి తీరం పోతుందో ఫైలులో వ్రాసి, క్రింద తన సంతకం చేయడానికి ఏ అధికారమూ అక్కరలేదు.

2018లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ సచివాలయం ఎదుట నీటి అడుగున ఉక్కుతో కృత్రిమ దిబ్బ నిలిపిన తరువాత, పట్టణానికి కొంత ఇసుక తిరిగి వచ్చింది. జనం మళ్లీ అక్కడ ఇసుకలోకి దిగుతున్నారు. రేవు గోడలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. ఇసుక తరలించే పని ఏటా మిగులుతూనే ఉంటుంది.