పెరిగే పిల్లకు కొలిచి కుట్టాలి



వార్షికోత్సవ సంచిక అనగానే మనమంతా చదువు గురించి, లక్ష్యం గురించి, క్రమశిక్షణ గురించి రాస్తాం. అవి రాయవలసినవే. కానీ ఈసారి మేము, అంటే పై తరగతుల వాళ్ళం, ఒక స్కర్టు గురించి రాయదలచుకున్నాం. నవ్వకండి. చివరిదాకా చదివాక నవ్వొస్తే అప్పుడు నవ్వుదురు గాని.

జూన్‌లో బడి తెరిచిన కొన్నాళ్ళకు మన హాస్టల్‌కు కుట్టిన యూనిఫాంలు మూటల్లో వచ్చాయి. మూడో తరగతి పిల్లలకంతా ఒకటే సైజు. మనలో ఎవరి నడుమూ ఎవరూ కొలవలేదు. కొత్తగా చేరిన ఒక చెల్లికి ఆ స్కర్టు నడుము దగ్గర ఎంత వదులంటే, పిన్నీసు పెట్టి బిగిస్తే తప్ప నిలవదు. ప్రార్థనలో చేతులు జోడించాలి, డ్రిల్లులో చేతులు పైకెత్తాలి. ఆ పిల్ల ఒక చెయ్యే ఎత్తేది. రెండో చెయ్యి స్కర్టును పట్టుకుని ఉండేది. ఖోఖో ఆడటానికి పిలిస్తే రానంది. ఒకరోజు కడుపునొప్పి అని బడికే వెళ్ళలేదు. అన్నం మాత్రం బాగానే తింది. అడగ్గా అడగ్గా చెప్పింది, ముందురోజు పిన్నీసు ఊడి స్కర్టు జారిందట, తరగతిలో అందరూ నవ్వారట.

ఒక్క రోజు చదువు పోవడానికి జ్వరమే రానక్కర్లేదు. రెండంగుళాల వదులు చాలు.

ఇందులో కుట్టినవాళ్ళను తిట్టి ప్రయోజనం లేదు. వాళ్ళకు జతకు ఇంత అని లెక్క. వందల జతలు కుట్టేవాడికి ఒక్కో పిల్లను నిలబెట్టి కొలిచే తీరిక ఉండదు. కానీ కొలవకపోవడం అంటే ఏమిటి? ఆ పిల్ల ఎలా ఉందో చూడకపోవడమే. లిస్టులో పేరుంది, అంకె ఉంది, మనిషి లేదు. మేము అనేది ఇదే. కొలతకు కుట్టిన బట్ట విలాసం కాదు, మర్యాద.

మన వాళ్ళకు బట్ట ఎప్పుడూ ఒట్టి బట్ట కాదు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైబట్ట వేసుకునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడితే, 1859లో గానీ రాజప్రకటన రాలేదు. 1927 డిసెంబరులో మహద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ స్త్రీలతో ప్రత్యేకంగా మాట్లాడి, మీరెవరో చూడగానే గుర్తుపట్టేలా చేసే ఆ పాత కట్టూ, ఆ బరువు కడియాలూ వదిలెయ్యమని చెప్పారు. విన్న స్త్రీలు చీరకట్టు మార్చుకున్నారు. బట్టతో మనిషిని తక్కువ చెయ్యొచ్చు, బట్టతోనే తలెత్తుకునేలా చెయ్యొచ్చు అని వాళ్ళకు తెలుసు. జారిపోయే యూనిఫాం వేసుకున్న పిల్లను చూసి 'హాస్టల్ పిల్ల' అని బయటివాళ్ళు గుర్తుపడుతుంటే, ఆ మాట మనకు ఎందుకు గుచ్చుకోదు?

అందుకని మేము ఏం చేశామో చెబుతాం. స్టోరు రూములో బియ్యం బస్తాల వెనక ఒక కాలు మిషను ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరికీ గుర్తు లేదు. వార్డెన్ మేడమ్‌ను అడిగితే తాళం ఇచ్చారు. తుడిచి, నూనె పోసి, బెల్టు మార్పించాం. మాలో ఒకరి అమ్మ ఊళ్ళో మిషను కుడుతుంది. ఆ అక్కకే కొంచెం పని తెలుసు. పాత స్కర్టు కుట్లు విప్పి సరిచెయ్యడంతో మొదలుపెట్టాం. తర్వాత కొత్త బట్ట తెచ్చి మొదటి నుంచి కుట్టాం. అది ఎంత సులువో తెలిశాక, ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నామా అనిపించింది.

పద్ధతి ఇది. ముందు కొలత. పిల్లను నిటారుగా నిలబెట్టి, ఊపిరి బిగబట్టకుండా ఉండమని చెప్పి, టేపు నడుము చుట్టూ తిప్పాలి. టేపు లోపల రెండు వేళ్ళు దూరాలి. మా చెల్లి నడుము 22 అంగుళాలు, నడుము నుంచి మోకాలి దాకా పొడవు 16 అంగుళాలు. కుచ్చులు బాగా రావాలంటే చుట్టుకొలత నడుముకు రెట్టింపు ఉండాలి. అంటే 44 అంగుళాలు. ముందు ముక్క 22, వెనక ముక్క 22. పక్క కుట్లకు ఒక్కో వైపు అర అంగుళం చొప్పున వదిలితే ఒక్కో ముక్క వెడల్పు 23 అంగుళాలు.

పొడవు లెక్క చూడండి. స్కర్టు 16. పైన ఎలాస్టిక్ దూర్చే మడతకు ఒకటిన్నర. కింద అంచు మడతకు 3. టక్కుకు 2. మొత్తం ఇరవై రెండున్నర అంగుళాలు. 36 అంగుళాల పన్నా బట్టలో రెండు ముక్కలు ఒకదాని కింద ఒకటి కత్తిరిస్తే 45 అంగుళాలు పడుతుంది. నూలు బట్ట ఉతికితే కుదించుకుపోతుంది కాబట్టి మీటరుంబావు తీసుకుని, ముందే తడిపి ఆరేసి అప్పుడు కత్తిరించాలి. పక్కన మిగిలే 13 అంగుళాల పీలికలో జేబు వస్తుంది. ఆడపిల్ల యూనిఫాంకు జేబు ఎందుకు పెట్టరో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మేము మాత్రం పెట్టాం.

నేరుగా బట్ట మీద కత్తెర పెట్టొద్దు. ముందు పాత న్యూస్‌పేపర్లు అతికించి దాని మీద గీయాలి. కాగితం తప్పితే కాగితమే పోతుంది. మూల సరిగ్గా లంబకోణం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? ఒక పక్క 9 అంగుళాలు, ఇంకో పక్క 12 అంగుళాలు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య కొలిస్తే సరిగ్గా 15 రావాలి. పైథాగరస్ సిద్ధాంతం పరీక్షలో నాలుగు మార్కులకే అనుకున్నాం. స్కర్టు మూలలో కూడా అదే ఉంది. అంబ్రెల్లా కట్ గుండ్రటి స్కర్టు కావాలంటే నడుము కోసం గీయాల్సిన వృత్తానికి వ్యాసార్థం కావాలి. 22 అంగుళాల నడుముకు 22ను 7తో హెచ్చించి 44తో భాగిస్తే మూడున్నర అంగుళాలు. లెక్కల పుస్తకంలో ఆ సూత్రం చూసి భయపడే తొమ్మిదో తరగతి చెల్లి, బట్ట మీద అదే సూత్రాన్ని సుద్దతో తప్పు లేకుండా గీసింది.

ఇక కుట్టు. ముక్కల మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి రెండు పక్కలా కుట్టాలి. పైన పావు అంగుళం ఒకసారి, అంగుళంబావు ఇంకోసారి మడిచి చుట్టూ కుట్టి, ఎలాస్టిక్ దూర్చడానికి రెండు అంగుళాలు వదిలెయ్యాలి. అంగుళం వెడల్పు ఎలాస్టిక్ నడుముకన్నా రెండు అంగుళాలు తక్కువగా, అంటే 20 అంగుళాలు కావాలి. కొసలు ఒకదాని మీద ఒకటి వేసి కుట్టడానికి ఇంకో అంగుళం కలుపుకుని 21 కత్తిరించాలి. ఇన్నాళ్ళూ ఆ పిల్ల స్కర్టును పట్టుకున్న పిన్నీసుకే ఎలాస్టిక్ తగిలించి మడత లోపల నుంచి లాగాం. పిన్నీసుకు తగిన పని అది.

చివరగా టక్కు. అంచుకు కాస్త పైన చుట్టూ ఒక గీత గీసి, ఆ గీత దగ్గర బట్ట మడిచి, మడత నుంచి అంగుళం దూరంలో కుట్టాలి. ఒక్క అంగుళం టక్కు రెండు అంగుళాల పొడవును దాచుకుంటుంది. ఎనిమిదేళ్ళ పిల్ల ఏడాదికి సుమారు రెండు అంగుళాలు పొడవు పెరుగుతుంది. పైఏడు ఆ కుట్టు విప్పితే చాలు, స్కర్టు మళ్ళీ మోకాలి దాకా వస్తుంది. ఆ తర్వాత కింద మడతలో కూడా కొంచెం ఉంది. మన అమ్మమ్మలు పరికిణీలకు టక్కులు వేయించింది ఇందుకే. వాళ్ళకు డబ్బు లేదు, కానీ పిల్ల పెరుగుతుందన్న నమ్మకం ఉంది. మూటల్లో వచ్చిన స్కర్టుల్లో టక్కు లేదు సరికదా, మడత అర అంగుళం. ఈ పిల్ల పెరుగుతుందని కుట్టించినవాళ్ళకు తోచలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వచ్చింది. అది సామాన్యమైన అభ్యంతరం కాదు. మన పూర్వ విద్యార్థిని ఒక అక్క, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నారు, మమ్మల్ని చూడటానికి వచ్చి మిషను చూసి కోప్పడ్డారు. "మా బ్యాచ్‌లో పది తప్పిన ప్రతి పిల్లకూ కుట్టు నేర్చుకోమనే చెప్పారు. మళ్ళీ పరీక్ష రాయమని ఒక్కరూ చెప్పలేదు. మిమ్మల్ని చదువుకోమని పంపితే మీ అంతట మీరే మిషను ముందు కూర్చుంటారా?" అన్నారు. మేము ఆ రాత్రంతా మాట్లాడుకున్నాం.

అక్క చెప్పింది నిజం. పేదింటి పిల్ల, అందులోనూ మన వాడల పిల్ల అనగానే లోకానికి గుర్తొచ్చేది కుట్టు మిషనే. ల్యాబ్ గుర్తుకు రాదు, లైబ్రరీ గుర్తుకు రాదు. చదువుకు బదులుగా ఇచ్చే మిషను మాకు వద్దు. కానీ చదువుతో పాటు నేర్చుకునే పని వేరు. డాక్టరు అయ్యే అమ్మాయి కూడా కుట్టు వెయ్యాల్సిందే కదా! పైగా కుట్టు ఆడవాళ్ళ పని అంటారు గాని, బజారులో షాపు పెట్టి డబ్బు తీసుకుని కుట్టేవాళ్ళలో మగవాళ్ళు ఎంతమంది లేరు? ఇంట్లో ఊరికే చేస్తే ఆడపని, బజారులో డబ్బుకు చేస్తే వృత్తి. ఈ తేడా మాకు అర్థమైంది. అందుకే పక్కనున్న బాలుర హాస్టల్ తమ్ముళ్ళు కూడా నేర్చుకోవాలంటున్నాం. వాళ్ళ నిక్కర్లూ జారుతూనే ఉన్నాయి.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. 'పిల్లలే కుట్టుకుంటున్నారు కదా' అని రేపు కుట్టు ఖర్చు ఎగ్గొట్టొచ్చు. దానికి మేము ఒప్పుకోం. సరైన కొలతతో యూనిఫాం ఇవ్వడం ఇచ్చేవాళ్ళ బాధ్యత. మా నేర్పు వాళ్ళ బాధ్యతకు బదులు కాదు.

కాబట్టి మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. ఒకటి, బడి తెరిచిన మొదటి వారంలోనే ప్రతి పిల్ల నడుము, పొడవు కొలిచి ఒక రిజిస్టరులో రాయాలి. కుట్టేవాళ్ళకు ఆ రిజిస్టరు ఇవ్వాలి. కొలత మేమే తీస్తాం, ఒక ఆదివారం చాలు. రెండు, వచ్చిన బట్టలు పిల్లకు తొడిగి చూశాకే సరిగ్గా ఉన్నాయని సంతకం చెయ్యాలి. మూడు, అంచు మడత మూడంగుళాలు, ఒక టక్కు తప్పనిసరి. నాలుగు, ఎనిమిదో తరగతి నుంచి ఇష్టమున్న వాళ్ళకు ఆదివారం రెండు గంటలు కుట్టు నేర్పాలి. స్టడీ అవర్‌లో ఒక్క నిమిషం కూడా తీసుకోకూడదు. పరీక్షల నెలలో మిషనుకు మళ్ళీ తాళం వేసినా మాకు అభ్యంతరం లేదు.

పూర్వ విద్యార్థినులైన అక్కలకు ఒక మనవి. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు స్వీట్లు తెస్తారు, మాకు సంతోషమే. ఈసారి వీలైతే ఒక ఆదివారం తీసుకురండి. కుట్టు వచ్చినవాళ్ళు కుట్టు నేర్పండి, లెక్కలు వచ్చినవాళ్ళు లెక్కలు చెప్పండి. మొన్న కోప్పడిన అక్క తప్పకుండా రావాలి. మేము పది తప్పకుండా చూసే పని ఆమెదే.

ఆ చెల్లి సంగతి చెప్పలేదు కదా. కొత్త స్కర్టు తొడుక్కుని ముందు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంది. తర్వాత గిర్రున తిరిగింది. మరుసటి రోజు డ్రిల్లులో మేము వరండాలోంచి చూశాం. రెండు చేతులూ పైకి లేచాయి.

ఇప్పుడు నవ్వొస్తే నవ్వండి. మేమూ నవ్వుతాం.

— పై తరగతుల విద్యార్థినులు