దొంగ గునపం

పాలకొండ నుంచి ఒక చదువరి జాబు రాశారు. మూడు రకాల గోలీలు మింగినా వాళ్ళ నాన్నగారి కాలిపుండు మానలేదట. క్రిముల్ని తినే క్రిములు నాగావళి నీళ్ళలో ఉంటాయని ఎవరో చెప్పారట. ఆ నీళ్ళతో పుండు కడగవచ్చునా అని ప్రశ్న.

ఉండడం నిజమే. బాక్టీరియా ఉన్న ప్రతిచోటా వాటిని పీడించే ఫేజులు ఉండనే ఉంటాయి. నాగావళిలోనూ, చంపావతిలోనూ, మీ పెరటి మట్టిలోనూ. గంగా యమునల నీళ్ళు కలరా క్రిమిని చంపుతున్నాయనీ, కాచితే ఆ గుణం పోతున్నదనీ 1896లోనే హాంకిన్ దొర రాశాడు. 1917లో డెరెల్ వాటికి 'బాక్టీరియోఫేజ్' అని పేరు పెట్టాడు. కాని బాబూ, పుండు మీద ఏటి నీళ్ళు పోయకండి! చీము పట్టించే క్రిములూ ఆ నీళ్ళలోనే ఉంటాయి.

నన్ను ఆకర్షించినది ఫేజు కాదు, దాని చేతి గునపం. ఫేజు దొంగలాగా తన జన్యువును బాక్టీరియాలోకి దూర్చి, లోపల పిల్లల్ని పెడుతుంది. టీ7 అనే ఫేజు మాంసకృత్తు ఒకటి ఇంకా గడుసుది. బాక్టీరియా తన జన్యువుల్ని చదువుకునే యంత్రాన్నే పట్టుకుని ఆపేస్తుంది. ఇంటివాడి పని ఆగింది, దొంగ పని సాగింది! సరే, పిల్లలు బయటపడాలంటే గోడ కూలాలి కదా. ఒక మాంసకృత్తు లోపొరకు కన్నాలు వేస్తుంది. ఆ కన్నాలగుండా ఎండోలైసిన్ అనేది వెళ్ళి గోడను కోస్తుంది. లోపలి ఒత్తిడికి ఇల్లు పటాలున పగులుతుంది.

ఆ గునపాన్ని విడిగా తయారుచేసి బయటినుంచే గోడకు తగిలిస్తే? 2001లో న్యూయార్కు రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఫిషెట్టి బృందం గొంతు పుండు తెచ్చే స్ట్రెప్టోకాకస్ మీద అదే చేసింది. క్రిములు సెకన్లలో చచ్చాయి. మరుసటి ఏడు ఆంత్రాక్స్ క్రిమి వంతు. పశువుల దొమ్మరోగం అంటే హడలెత్తే మన మన్యం వారికి ఇది చిన్న కబురు కాదు. బెంగుళూరులో గంగాజెన్ వారు, పుండ్లలో చీము పట్టించే స్టెఫిలోకాకస్ కోసం, ఫేజు మాంసకృత్తు ముక్కకు మరో ముక్క అతికించి 'పీ128' తయారుచేశారు.

కలరా, టైఫాయిడ్ క్రిములకు మాత్రం గోడ బయట ఇంకొక పొర ఉంది. గునపం అంత సులువుగా దిగదు. 'ఎక్సెబకేస్' అనే మందు మూడవ దశ పరీక్ష దాకా వెళ్ళి, ఫలితం చాలదని 2022లో ఆగిపోయింది. కనుక మందుల కొట్టులో దీనికోసం వెదకకండి.

మీ నాన్నగారి పుండు చీము తీసి ఏ మందుకు లొంగుతుందో పరీక్ష చేయించండి. ఎన్నాళ్ళ పుండో మీరు రాయలేదు. రక్తంలో చక్కెర కూడా చూపించండి.