పొలైట్ అంటే ఒబీడియెంట్ కాదు!

‘‘మర్యాదకి ఇంగ్లీషులో అన్ని మాటలెందుకండీ? ఏదో ఒకటి వాడితే పోలేదూ!’’ అంటుంటారు. పోదు. నవలలు రాసుకునేదాన్ని గనక నాకు తెలుసు, విశేషణం మారితే మనిషే మారిపోతుంది.

పొలైట్ అన్న మాటకి లాటిన్‌లో మూలార్థం మెరుగు పెట్టినది అని. చింతపండు పెట్టి తోమిన ఇత్తడి చెంబు అనుకోండి. పైకి తళతళ, లోపల నీళ్లున్నాయో లేదో చెంబు చెప్పదు. కచేరీ నచ్చకపోయినా చివర చప్పట్లు కొడతాం చూడండి, అదీ పొలైట్. కర్టియస్ రాజుగారి కొలువులోంచి వచ్చిన మాట. ఇందులో మాటతోపాటు కాస్త చేత కూడా ఉంది. చంటిపిల్ల తల్లికి బస్సులో లేచి సీటిచ్చినవాడు కర్టియస్. సివిల్ పౌరుడికి చెందిన మాట, మర్యాదల్లో అట్టడుగు మెట్టు. పలకరింపుల్లేని తోడికోడళ్లు పేరంటంలో ఎదురుపడి ‘‘బావున్నావా?’’ అనుకుంటారే, అంతమట్టుకు సివిల్.

మరి ఒబీడియెంట్? చెప్పినట్టు వినడం. అది ఈ వీధిదే కాదు. కుక్కపిల్లని ఒబీడియెంట్ అనొచ్చు గానీ, పొలైట్ అనడానికి ఎవరికైనా నోరొస్తుందా?

శామ్యూల్ జాన్సన్ సంగతే చూడండి. 1747లో తన నిఘంటువు ప్రణాళికని లార్డ్ చెస్టర్‌ఫీల్డ్‌ని ఉద్దేశించి ప్రకటించాడు. ఆ ప్రభువుగారు మర్యాదలకి పెట్టింది పేరు. కొడుక్కి నడవడిక నేర్పుతూ ఆయన రాసిన ఉత్తరాలు, ఆయన పోయాక 1774లో పుస్తకంగా కూడా వచ్చాయి. అంతటివాడూ జాన్సన్‌ని ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. తీరా నిఘంటువు పూర్తి కావస్తోందనగా, 1754లో ఒక పత్రికలో తెగ మెచ్చుకున్నాడు. 1755లో జాన్సన్ ఆయనకో ఉత్తరం రాశాడు. ఒక్క తిట్టు లేదు. చివర ఆనాటి రివాజు ప్రకారం ‘విధేయుడైన సేవకుడు’ అని సంతకమూ ఉంది. కానీ మీ ప్రాపకం ఇప్పుడు నాకక్కర్లేదని మాత్రం తేల్చి చెప్పేశాడు. పొలైట్‌గా ఉంటూనే కాదనడం అంటే అదీ! విధేయత సంతకం దగ్గర తప్ప ఆ ఉత్తరంలో మరెక్కడా కనపడదు.

ఇప్పుడు మనింటికొద్దాం. ‘‘మా అమ్మాయి చాలా పొలైటండీ, ఎదురు చెప్పదు’’ అని పెళ్లివారికి చెప్పుకుంటాం. మొదటి ముక్కకీ రెండోదానికీ ఏమిటి సంబంధం? అబ్బాయి ఉన్నమాట మొహాన అనేస్తే ‘ఫ్రాంక్’ అని మురిసిపోతాం. అమ్మాయి అదే మాట అంటే ‘రూడ్’. మాట ఒకటే, విశేషణమే మగపిల్లాడికొకటీ ఆడపిల్లకొకటీ!

సంస్కృతంలో మర్యాద అంటే ఎల్ల, హద్దు. హద్దు అన్నాక అటువాళ్లకీ ఇటువాళ్లకీ వర్తించాలి. అణకువలో ఉన్నది అణగడం. అది ఒకళ్లే చెయ్యాలి. అణకువని పొలైట్ అనే ఇంగ్లీషు డబ్బాలో పెట్టి ఆడపిల్లల చేతికిస్తున్నామని నా ఫిర్యాదు. ఆ పిల్ల ఆఫీసులో తన పని కాని పనిని వద్దనలేదు. బంధువు చనువు ఇబ్బందిగా ఉన్నా లేచి వెళ్లలేదు. ‘‘బావుండదేమో’’ అనుకుంటూ కూర్చుంటుంది. ఎందుకని? వద్దనడం మర్యాద తక్కువని మనమే నూరిపోశాం గనక.

అమ్మలూ, పిల్లలకి పొలైట్‌గా ఉండడం తప్పక నేర్పండి. ‘‘క్షమించండి, నాకు కుదరదు’’ అనడం కూడా అందులో భాగమేనని నేర్పండి. రేపు పెళ్లివారొచ్చి ‘‘అమ్మాయి పొలైటేనా?’’ అంటే, ‘‘బ్రహ్మాండంగా! కాదనాల్సొచ్చినా మర్యాదగానే కాదంటుంది’’ అనండి. అబ్బాయి కనీసం సివిలేనా అని మీరూ అడగండి. అట్టడుగు మెట్టేగా, అక్కడిదాకా ఎక్కాడో లేదో కనుక్కోవడంలో తప్పేముంది!