పట్టిన దుమ్ము పోయేదెక్కడికి?

పల్నాడు నేలలో సున్నపురాయి ఉన్నంతకాలం సిమెంటు ఫ్యాక్టరీలు ఉంటాయి. మాచర్ల, దాచేపల్లి ప్రాంతాలకు అవి కొత్త కావు. వాటివల్ల కొందరికి పని దొరికింది, లారీలు తిరిగాయి, ఊళ్లు పెరిగాయి. ఈ మాట ఎవరూ కాదనరు. అయితే దుమ్ము సంగతి వచ్చేసరికి అందరి చూపూ పొగగొట్టం మీదే నిలుస్తోంది. గొట్టంలోంచి దుమ్ము రాకపోతే బాధ తీరినట్టేననుకుంటున్నాం. అది సగం మాటే.

సిమెంటు బట్టీలో సున్నపురాయి పొడిని మట్టితో కలిపి సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాలుస్తారు. వేడిగాలితోపాటు సన్నని పొడి లేస్తుంది. దానిని గుడ్డ సంచుల వడపోతతోనో, విద్యుత్తుతో దుమ్మును లాగే యంత్రంతోనో పట్టుకుంటారు. పట్టినదానిలో ఎక్కువ భాగం తిరిగి బట్టీలోకే పోతుంది. కాని క్లోరైడు, పొటాషు వంటి లవణాలు పేరుకుంటే బట్టీ దారులు మూసుకుపోతాయి. అటువంటి చోట కొంత దుమ్మును బయటికి తీయక తప్పదు. తీసినదాన్ని ఎక్కడ పెడుతున్నారన్నదే అసలు ప్రశ్న.

ఇది వాకిట్లో ఊడ్చిన దుమ్ము వంటిది కాదు. ఇందులో సున్నం ఉంటుంది. తడి తగిలితే ఘాటెక్కి చర్మాన్ని కాలుస్తుంది. కంట్లో పడితే మరీ ప్రమాదం. ఆరుబయట కుప్ప పోస్తే ఎండాకాలం గాలికి లేచి మిర్చి కళ్లాల మీద పడుతుంది. మంచుకు తడిసిన ఆకు మీద పడితే పెచ్చు కడుతుంది. వానాకాలంలో అదే కుప్పలోంచి సున్నమూ, ఉప్పూ నీటితో కలిసి వాగులోకీ, బావిలోకీ దిగుతాయి.

రైతులు మరొక సంగతి గమనించాలి. ఉచితంగా వస్తుంది గదా అని, పొలానికి సున్నం బలమని, ఈ దుమ్మును ట్రాక్టర్లతో తోలుకోవడం మంచిది కాదు. సున్నం వేయవలసింది ఆమ్ల గుణం ఉన్న నేలలకు. మన నల్లరేగళ్లలో సున్నం ముందే ఉంది. ఇంకా వేస్తే ఇనుము, జింకు పైరుకు సరిగా అందవు. ఆకులు పాలిపోతాయి. భూసార పరీక్ష చేయించకుండా ఎవరి మాట మీదా చేలో పోసుకోకూడదు.

దీనికి మార్గం లేకపోలేదు. పట్టిన దుమ్మును మూసివున్న గోదాముల్లో, తడి తగలకుండా నిలవచేయవచ్చు. మూత ఉన్న ట్యాంకర్లలోనే తరలించవచ్చు. నాణ్యత చెడకుండా కొద్ది కొద్దిగా సిమెంటులోనే కలపవచ్చు. ఒకప్పుడు గుట్టలుగా పడివుండే థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద ఇప్పుడు పొజోలానా సిమెంటులో నూటికి 15 నుంచి 35 పాళ్ల వరకు చేరుతోంది. వాడుక దొరికితే వ్యర్థం కూడా సరుకే. వాడుకకు రానిదాన్ని మాత్రం నీరు దిగని అడుగు వేసిన గోతిలో పూడ్చి, పైన కప్పి, చుట్టుపక్కల బావుల నీటిని తరచు పరీక్షించాలి.

కొత్త బట్టీల పొగగొట్టాలకు ఘనపు మీటరుకు 30 మిల్లీగ్రాముల దుమ్ము మించరాదని కేంద్రం 2014లో హద్దు పెట్టింది. గొట్టానికి కొలత ఉంది. కుప్పకు లెక్క ఎవరు అడుగుతున్నారు? 2006 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం పర్యావరణ అనుమతి పొందిన ఫ్యాక్టరీలు షరతుల అమలుపై ఆరు నెలలకొకసారి నివేదిక ఇవ్వాలి. ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగినప్పుడు మనవాళ్లు ఉద్యోగాలెన్ని అని అడుగుతారు. అడగవలసిందే. దానితోపాటు నెలకు ఎన్ని టన్నుల దుమ్ము బయటికి తీస్తారు, ఎక్కడ నిలవచేస్తారు, ఏ దారిన తోలుతారు అని కూడా అడిగి, జవాబు రాతలో పెట్టించాలి.

పంచాయతీలు ఈ లెక్క కోరాలి. కాలుష్య నియంత్రణ మండలి అధికారులు గొట్టం చూసి వెళ్లిపోకుండా ఫ్యాక్టరీ వెనక దొడ్డి కూడా చూడాలి. గాలిలో పట్టిన దుమ్మును నేలమీద వదిలేస్తే, పట్టి లాభమేమిటి?